ఏనుగెక్కిన సొరకాయ

ఒకానొక రాజ్యంలో కూరగాయలకు ఏనుగు మీద ఊరేగింపు జరిగేది. నవ్వకండి, ఆ రాజుగారు అలాంటివారు. కనకవల్లిని ఏలే ఉద్దండవర్మ మహారాజు పొలిమేర అవతల పండనిదేదీ ముట్టేవాడు కాదు. ఎంత దూరం నుంచి వస్తే అంత గౌరవమని ఆయన లెక్క. సామంతులు పంపిన వంకాయలూ బీరకాయలూ బండెక్కి, పడవెక్కి, చివరికి ఏనుగెక్కి కోటకు వచ్చేవి. సభలో వాటికి హారతి పట్టేవారు. ఆ తతంగమంతా అయ్యి వంటశాలకు చేరేసరికి బీరకాయ పీచు, తోటకూర చెత్త, పండ్లు సగం కుళ్ళు. ఆ వడిలిన సరుకునే నేతిలో ముంచి, మసాలా దట్టించి రాజుగారికి వడ్డించేవారు.

తిన్నది అరిగేది కాదు, కంటికి కునుకు పట్టేది కాదు. పాపం, మహారాజు రాత్రీ పగలూ కాలుగాలిన పిల్లిలా మేడ మీద పచార్లు చేసేవాడు. వైద్యుడు చూర్ణాలు మార్చేవాడు. మంత్రి అయ్యపరాజు ఏనుగుల్ని పెంచేవాడు.

ఒకనాడు ఆ అయ్యపరాజు సభలో లేచి, "ప్రభూ, ఇంకా దూరదేశాల నుంచి తెప్పిస్తే గాని తమ జబ్బు కుదరదు. కొత్త ఏనుగులకు చోటు చాలడం లేదు. కోట వెనక వీధిలో జనం పెరళ్ళలో పాదులు పెట్టుకుని కూర్చున్నారు. అవి పెరికించి గజశాల కట్టిద్దాం" అన్నాడు.

రాజుగారు సింహాసనం ముందు అటూ ఇటూ తిరుగుతూనే సరేనన్నారు. మర్నాడు మధ్యాహ్నం నగారా మోగగానే పని మొదలుపెట్టాలని ఆజ్ఞ అయింది.

ఓ మూల బాచనభట్టు కూర్చుని ఉన్నాడు, అందరూ బాచన్న అంటారు. అతను ఆస్థాన విదూషకుడు. ఇల్లు ఆ వీధిలోనే, సరిగ్గా వంటశాల గోడకు ఆనుకుని ఉంది. నవ్వించడం అతని కొలువే గాని, ఆ పూట నోట ఒక్క చమత్కారమూ రాలేదు.

ఇంటికి వెళ్ళేసరికి భార్య సూరాంబ పెరట్లో చిక్కుడుకాయలు కోస్తోంది. సంగతి విని, కొంగులో కాయలు అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"ఏమండీ, మన వీధికి వైద్యుడుగారు వచ్చేది మందివ్వడానికి కాదు, తోటకూర అడగడానికి. ఈ పాదులు పోతే ఇక మందు సంచీతోనే వస్తారు. రాజుగారితో ఆ మాట చెప్పరాదూ?"

"పెరటి కూరంటే ఆయనకు చిన్నతనమే. చెబితే వింటాడా?"

"చెవిన పెట్టకపోతే మానె. ముక్కు ఉంది కదా ఆయనకు" అంది సూరాంబ.

బాచన్న ఇక ఇంట్లో నిలవక ఏనుగు మావటి దగ్గరికి వెళ్ళాడు. అతని కాపురమూ ఆ వీధిలోనే, అతని పెరట్లో బచ్చలి పాదు కూడా రేపు పోయేదే. ఇద్దరూ చాలాసేపు గుసగుసలాడుకున్నారు.

మర్నాడు పొద్దెక్కాక సూరాంబ లేత చిక్కుడుకాయలు అల్లం వేసి వేయించింది. సొరకాయ పులుసుకు ఇంగువ పోపు పెట్టింది. గోడ అవతల మేడ మీద తిరుగుతున్న మహారాజు టక్కున ఆగాడు. ఎన్నాళ్ళకో ఆయనకు ఆకలేసింది.

"ఆ వాసన ఎక్కడిది?"

పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డ బాచన్న, "మా ఇంటి సొరకాయ పులుసు, ప్రభూ" అన్నాడు.

"తెప్పించు."

"చిత్తం. సొరకాయ అప్పుడే బయలుదేరింది."

మహారాజు పిట్టగోడ మీంచి తొంగిచూశాడు. వీధిలో ఏనుగు, ఏనుగు మీద అంబారీ, అంబారీలో పట్టుగుడ్డ మీద ఒక సొరకాయ. ముందు సన్నాయి. ఏనుగు కోటకు వీపు పెట్టి ఊరి బయటికి నడుస్తోంది.

"అటు పోతోందేమయ్యా?"

"వస్తోంది, ప్రభూ. పొలిమేర దాటి, ఏరు దాటి, అక్కణ్ణుంచి తిరిగి వస్తుంది. గోడ మీంచి అందిస్తే తమ గౌరవం ఏం కావాలి?"

"ఎండలో వడిలిపోదూ?"

"వడలని కూర తమ విస్తట్లో ఎన్నడు పడింది, ప్రభూ?"

మహారాజుకు ఒళ్ళు మండింది. కాసేపు విసవిసా నడిచాడు. ఇంతలో పోపు వాసన మళ్ళీ వచ్చింది. కోపాన్ని ఆకలి గెలిచింది.

"పద, మీ ఇంటికే" అన్నాడు.

చిక్కుడు పందిరి కింద అరిటాకు వేశారు. రాజుగారు వేపుడు రుచి చూసి, "ఇది ఏ దేశపు చిక్కుడమ్మా?" అని అడిగారు.

"తమ తల మీదున్న పందిరిదే, ప్రభూ. ఇందాకే కోశాను" అంది సూరాంబ.

రాజుగారు తల పైకెత్తి చూశారు. మారు అడిగారు. మజ్జిగా, పెరటి అరటిపండూ అయ్యాక పొట్ట తడుముకుని, బరువుగా లేదే అనుకున్నారు. పందిరి నీడలో నులకమంచం మీద అలా నడుం వాల్చారో లేదో, గురక మొదలైంది.

ఇప్పుడు పచార్లు బాచన్న వంతు. వాకిట్లోకి వెళ్ళడం, పెరట్లోకి రావడం. నగారా మోగింది. అయ్యపరాజు గడ్డపారల వాళ్ళను వెంటేసుకుని దిగాడు.

"మెల్లగా, అమాత్యులవారూ" అన్నాడు బాచన్న నోటి మీద వేలుంచి. "మీ పని మీరు కానివ్వండి. ఆ మంచం మీదున్నవారిని మాత్రం మీరే లేపి పుణ్యం కట్టుకోండి."

మంత్రి చూశాడు. రాజుగారి నిద్ర ఎంత అపురూపమో ఆయనకు తెలుసు. ఆయన సైగ చేయగానే కూలీలు గడ్డపారలు చప్పుడు కాకుండా కింద పెట్టేశారు. కూలీలకు సూరాంబ దోసకాయ ముక్కలు పెట్టింది. మంత్రిగారు మాత్రం ఎండలోనే నిలబడ్డారు.

సాయంత్రం సన్నాయి మోతకు మహారాజు కళ్ళు తెరిచాడు. పెరడు నిండా జనం, గడ్డపారలు, చెమటతో మంత్రి. అంతా అర్థమైంది.

"భట్టూ, నన్ను నిద్రపుచ్చి నా ఆజ్ఞను ఆపించావా?"

"నిద్రపుచ్చింది చిక్కుడుకాయ, ప్రభూ. నేను తమరిని లేపలేదు, అంతే."

మహారాజు పందిరి ఊగేలా నవ్వాడు. ముంజేతి కంకణం తీసి బాచన్నకు తొడిగాడు. సూరాంబకు పట్టుచీర పంపమన్నాడు. "ఈ పెరళ్ళ జోలికి పోకండి. అయినా తెచ్చిన గడ్డపారలు ఊరికే పోకూడదు. ఈ గోడకు ఒక తలుపు పెట్టండి. ఇక నాకు పచార్లతో పని లేదు, కోటలో నా విహారమండపం పడగొట్టి ఆ చోట పాదులు వేయండి" అన్నాడు.

అప్పుడు మావటి అంబారీలోంచి సొరకాయను దించాడు. ఎండకు తొక్క కమిలి, మెత్తబడి ఉంది. "దీన్నేం చేయమంటారు, ప్రభూ?"

మహారాజు మొహం గంభీరంగా పెట్టి, "అంత దూరం తిరిగి వచ్చింది, మర్యాద తగ్గకూడదు. హారతి పట్టి, నేతిలో వండి, అయ్యపరాజుగారికి వడ్డించండి" అన్నాడు.

ఆ రాత్రి కూడా కోటలో పచార్ల చప్పుడు వినిపించింది. అయితే అది రాజుగారి మేడ మీంచి కాదు, మంత్రిగారి మేడ మీంచి.