కుమోతానిలో పడుకున్న బొమ్మదేవుడు

ఈ కథలో ఏది ముందో ఏది వెనకో నేను తారుమారు చేసి ఉండవచ్చు. ఈ మధ్య విన్నది విన్నట్టు మనసులో నిలవడం లేదు. అందుకే పూర్తిగా జారిపోకముందే రాసిపెడుతున్నాను. గుడి పూజారి గారు చెప్పినదాన్ని మా చెల్లెలి కూతురు హైమవతి నాకు తెలుగులో వినిపించింది. ఇక్కడికి వచ్చే మనవాళ్ళకు ఉపయోగపడితే చాలు.

జపాన్ దేశానికి దక్షిణాన, క్యూషూ ద్వీపంలోని కొండల నడుమ కుమోతాని అనే చిన్న ఊరు ఉంది. బస్సు దిగి రాతిమెట్లు ఎక్కితే కొండదేవుడి చెక్క గుడి కనిపిస్తుంది. లోపల విగ్రహం లేదు. చూరు కింద, రెండు దారాల మధ్య ఒక తెల్ల గుడ్డబొమ్మ అడ్డంగా పడుకుని ఉంటుంది. ఎండ కావాలంటే ఇటువంటి బొమ్మను నిలువుగానూ, వాన కావాలంటే తలకిందులుగానూ కట్టడం ఆ దేశపు అలవాటు. ఇక్కడ మాత్రం పడుకోబెడతారు. ఊరివారు ఈ స్వామిని నెమురిసామ అంటారు, అంటే నిద్రపోతున్న స్వామి అని.

పూర్వం ఇక్కడ తోసే అనే ముసలామె, కొడుకు గెంజిరో, కోడలు కినుతో కలిసి ఉండేది. వారిది కత్తి పట్టిన సమురాయి వంశం. అది కొత్త ప్రభుత్వం వచ్చిన కాలం. సమురాయిలు కత్తి ధరించకూడదన్నారు, తరతరాల భృతి ఆపేశారు, రైతుబిడ్డలను పిలిచి తుపాకులిచ్చి సైన్యం కట్టారు. 1877లో ఆ ప్రాంతపు సమురాయిలు తిరగబడ్డారు. గెంజిరో వారితో వెళ్ళాడు. కినుది రైతు కుటుంబం. ఆమె తమ్ముడు యసుకిచి అప్పటికే సర్కారు సైన్యంలో ఉన్నాడు.

యుద్ధం కుమోతాని ఎదుటి కొండకు వచ్చింది. తిరగబడినవారి పాత తుపాకులు మందు తడిస్తే పేలవు. సర్కారువారి కొత్త తుపాకులు వానలోనూ పేలుతాయి. అందుచేత తోసే రోజూ ఉదయం గుడికి వచ్చి, ఎండ కాయాలని బొమ్మను నిలువుగా కట్టి వెళ్ళేది. కట్టెలకు వచ్చే కిను, తమ్ముడు గుర్తుకు వచ్చి దాన్ని తలకిందులు చేసేది. నాలుగడుగులు వేశాక భర్త గుర్తుకు వచ్చేవాడు. వెనక్కి వచ్చి మళ్ళీ నిలబెట్టేది. ఆ తిప్పడాలకు బొమ్మ మెడ దారం పీచులు తేలింది.

ఒకరోజు తోసే అది కళ్ళారా చూసింది.

"నా కొడుకు చావు కోరుతున్నావటే?" అంది.

"ఆయన నా మొగుడు కాడా అత్తయ్యా? అలా ఎలా కోరతాను?" అని కిను అక్కడే కూలబడింది. "తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచాను. వాడికి ముద్ద నేనే పెట్టాను."

తోసే కోడలి వైపు వంగింది. "ఆ యసుకిచేనా? పెళ్ళికి వచ్చి, నేను చూరుకు ఎండగట్టిన పళ్ళన్నీ తినేసినవాడు?" అంది.

"వాడే."

"దొంగవెధవ. వాడికి అప్పటికి మీసాలైనా రాలేదు" అంటూ ముసలామె కోడలి పక్కనే కూర్చుని ఏడ్చింది.

ఆ రాత్రి బొమ్మ తోసే కలలోకి వచ్చింది. "నిలబెట్టి ఒకతె ఎండ అడుగుతుంది. తిప్పి ఇంకొకతె వాన అడుగుతుంది. నా మెడ విరుగుతోంది తల్లీ. నన్ను కాసేపు పడుకోనివ్వండి" అంది. తెల్లవారగానే అత్తాకోడళ్ళు ఇద్దరూ చెరొక దారమూ పట్టి బొమ్మను అడ్డంగా కట్టారు.

అప్పుడు ఎండా రాలేదు, వానా రాలేదు. లోయలోనుంచి పొగమంచు లేచి కొండను కప్పేసింది. ఎవరు ఎవరో తెలియక తుపాకులు ఆగిపోయాయి. అత్తాకోడళ్ళు గుడిమెట్ల మీదే కూర్చున్నారు. చాలాసేపటికి ఒక్క మనిషి అడుగుల చప్పుడు వినిపించింది. గొంతులు మాత్రం రెండు, అవీ పోట్లాడుకుంటున్నవి.

"నన్ను దించరా. సర్కారు బంటు వీపెక్కి ఇంటికి వెళ్ళనా? పరువు పోతుంది."

"కాలు పోయేలా ఉంది, పరువు సంగతి తరువాత చూద్దాం బావా. తిండి లేదంటున్నావు, ఇంత బరువేమిటి నువ్వు?"

మంచులో దారితప్పిన యసుకిచి, పొదల్లో మూలుగు విని, గాయపడినవాడు తన బావేనని గొంతును బట్టి గుర్తుపట్టాడట. తోసే కొడుకును దింపుకుని, యసుకిచి చేతిలో ఎండుపళ్ళు పెట్టింది.

మంచు ఒక్కరోజే ఉంది. యుద్ధం శరదృతువు దాకా సాగింది, తిరగబడినవారు ఓడిపోయారు. రెండు వైపులా ఎందరో ఇళ్ళకు తిరిగి రాలేదు. పూజారి గారు ఈ మాట చెప్పకుండా కథ ముగించరు.

నేటికీ ఏటా వసంతంలో, ఒకరితో ఒకరికి మాటలు లేని రెండు ఇళ్ళవారు వచ్చి చెరొక దారమూ పట్టి కొత్త బొమ్మను కడతారు. దానికి మూసిన కళ్ళే గీస్తారు. ప్రసాదంగా ఎండుపండు ఇస్తారు. పుట్టింటికీ మెట్టినింటికీ మధ్య నలిగేవారు ఇక్కడ ఎవరి గెలుపూ అడగకుండా కూర్చుంటే, మనసుకు ఆ మంచులాంటి చల్లదనం దొరుకుతుందని నమ్మకం. నేనూ కూర్చున్నాను, దొరికింది.

హైమా, అచ్చుకు ఇచ్చేముందు పేర్లన్నీ ఒకసారి చూడమ్మా. అత్త తోసేనా, కోడలు తోసేనా అని ఇప్పుడే మళ్ళీ అనుమానం వచ్చింది. తప్పితే దిద్దు. బొమ్మను మాత్రం లేపకు.