కోట తలుపులు మూసి పెట్టిన పరీక్ష
మా రాజ్యంలో బియ్యం పంపిణీ అంతా ఒక్క సర్వరు మీదే, అందరి సొత్తైన లినక్స్ సాఫ్ట్‌వేర్‌తో నడిచేది. దాని మదర్‌బోర్డు కాలిపోయి లక్ష ఊళ్లు పస్తులున్నాయి. నేనూ పస్తే!

వ్యాపారి రత్నశెట్టి రాజుగారి కొలువుకి బంగారుపూత బోర్డు తెచ్చాడు. “దీనిమీద లినక్స్ గుర్రంలా పరిగెడుతుంది. పరీక్షెందుకు ప్రభూ, నా మాట చాలదా?”

రాజుగారు తలూపబోతుంటే మరమ్మతుల గంగులమ్మ ముందుకొచ్చింది. “చాలు శెట్టిగారూ. కోట తలుపుల తాళం కూడా ఈ సర్వరుదే. తలుపులు మూసి మీ బోర్డు బిగిస్తాను. లినక్స్ లేచి నెట్‌వర్కులో కబురంపగానే తెరుచుకుంటాయి, తమరు దర్జాగా వెళ్లొచ్చు.”

శెట్టి ముఖం పాలిపోయింది. “ఆగమ్మా! దీని నెట్‌వర్కు చిప్పు లినక్స్‌కి పొసగదు. పొసగే మామూలు బోర్డు సంచిలో ఉంది, ఇదిగో!”

అది బిగించగానే బియ్యం బళ్లు కదిలాయి. ఆ పూట నేనొక్కణ్ణే ఏడు గుండిగల అన్నం తిన్నాను. ఈనాటికీ గంగులమ్మను తలుచుకున్నాకే తొలిముద్ద నోట పెడతాను.