గంధం కడవ

పక్కీరప్పకు ఆ పొద్దున కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఎల్లుండే దర్గాలో గంధం ఊరేగింపు. చందనం అరగదీయడానికి కడవెడు నీళ్ళు తేవలసినవాడు అతనే. తెల్లవారకముందే ఏట్లోకి వెళ్ళి చెలమ పక్కన కూర్చున్నా, బారెడు పొద్దెక్కేసరికి ముప్పాతిక కడవే నిండింది. ఆపైన చిప్ప ముంచితే ఇసుకే వచ్చింది.

వేసవిలో పాపాఘ్ని ఎండిపోతుందని బయటివాళ్ళు అంటారు. వాళ్ళకు ఏటిని చూడటం చేతకాదు. నీళ్ళు ఇసుక కిందికి దిగుతాయి, అంతే. మోకాటి లోతు గుంట తవ్వి కాస్త ఓపిక పడితే ఊరుతాయి. ఆ గుంటనే చెలమ అంటారు. మొదట ఊరిన మురికి నీళ్ళను రెండు మూడుసార్లు తోడి పారబోసి, తేటపడ్డాక టెంకాయ చిప్పతో కడవలోకి పోసుకుంటారు. గట్టు మీద వరసగా బోర్లు పడ్డాక మోకాటి లోతు కాస్తా నడుం లోతయింది. అయినా ఆ ఊళ్ళో మనుషులకూ గొడ్లకూ ఇంకా ఆ ఏటి నీళ్ళే.

గంధానికని పక్కీరప్ప వేరే చెలమ తవ్వేవాడు. పది రోజుల ముందే తవ్వి, చుట్టూ ముళ్ళకంప పరిచి, ఎవరినీ చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. పదకొండేళ్ళుగా ఇదే వరస. ఊరేగింపులో గంధం ఘుమఘుమలాడుతుంటే, "చందనానిదేముందప్పా, నీళ్ళు అట్లాంటివి" అనేవాడు. దర్గా చూసుకునే మౌలాలి తాతకు శిష్యుడయ్యాక అతను చుట్ట మానేశాడు, సారాయి మానేశాడు, దాయాదులతో తగాదాలు కూడా మానేశాడు. ఈ ఒక్క గొప్ప మాత్రం మానలేదు.

ఈ ఏడు దానికే గండం వచ్చిపడింది. అతని చెలమకు పన్నెండు అడుగుల ఎగువన సుంకులమ్మ ఇంకో చెలమ తవ్వింది. ఆమె ఎనుము మొన్ననే ఈనింది. ఈనిన గేదెకు ఎన్ని నీళ్ళు పెట్టినా చాలవు. ఆమె అక్కడ తోడేకొద్దీ ఇక్కడ ఇతని చెలమ అడుగంటింది.

"దాన్ని పూడ్చెయ్యి సుంకులమ్మా," అన్నాడు.

"ఎనుము ఈని రెండు దినాలు గూడా కాలేదన్నా. ఇంగో నాలుగు దినాలు ఓర్చుకో, నేనే పూడుస్తా."

"ఎల్లుండే గంధం!"

ఆమె తల వంచుకుని తోడుకుంటూనే ఉంది.

పక్కీరప్ప కడవ భుజానికెత్తుకుని నేరుగా దర్గాకు వెళ్ళాడు. మౌలాలి తాత అరుగు మీద కూర్చుని చిరిగిన దుప్పటి కుట్టుకుంటున్నాడు.

"తాతా, నువ్వొక్క మాట చెప్తే ఇంటాది. పైన కూచ్చోని నా నీళ్ళన్నీ గుంజుకుంటాంది."

"నీ నీళ్ళా?"

"గంధం నీళ్ళు తాతా."

తాత సూదిని దుప్పటికే గుచ్చి కర్ర అందుకున్నాడు.

"పద. కడవ గూడా తే."

సుంకులమ్మకు ఇవాళ మూడిందనుకున్నాడు పక్కీరప్ప. అంత బరువు భుజం మీదున్నా ఇసుకలో తాత వెనకాల హుషారుగా నడిచాడు.

తాతను చూడగానే సుంకులమ్మ చిప్ప పట్టుకుని లేచి నిలబడింది. "పూడ్చేస్తా తాతా. ఈ బక్కెట ఒకటి నిండనీ," అంది.

తాత పక్కీరప్ప భుజం మీది కడవను రెండు చేతులా దించుకున్నాడు. మూతికి కట్టిన తడిగుడ్డ విప్పి, నీళ్ళన్నీ సుంకులమ్మ చెలమలో పోసేశాడు.

"తాతా!" పక్కీరప్ప కేక పెట్టాడు. "అవి గంధం నీళ్ళు!"

"ఔ. నీ నీళ్ళే గదా, తీసుకో."

"ఎట్ల తీసుకునేది? ఆమె నీళ్ళల్లో కలిసిపాయ."

"ఆమెవి ఆడనే ఇడిసిపెట్టు. నీవి తోడుకో."

ఖాళీ కడవ అతని ముందు పెట్టి, తాత ఇసుకలో కూర్చున్నాడు.

పక్కీరప్పకు ఏడుపొచ్చింది. తెల్లారినప్పటి నుంచి చిప్ప చిప్పగా పోగు చేసిన నీళ్ళవి. మోకాళ్ళ మీద వంగి చెలమలోకి చూశాడు. పైకి లేచిన నీళ్ళు మెల్లగా ఇసుకలోకి దిగిపోతున్నాయి. ఎటు పోతున్నాయో కనబడదు. లేచి తన చెలమ దగ్గరికి పోయి చూశాడు. పొద్దున తడి మాత్రమే మిగిలిన అడుగున ఇప్పుడు నాలుగు వేళ్ళ లోతు నీళ్ళున్నాయి. తాత పోసినవో, సుంకులమ్మ మిగిల్చినవో, వాటంతటవే ఊరినవో అతనికి తెలియలేదు.

"అన్నా," వెనక నుంచి సుంకులమ్మ పిలిచింది. "నా బక్కెట సగం నిండింది. ఎవురూ ముట్టలా. గంధానికి పనికొస్తాయంటే తీసకపో. ఎనుముకు మళ్ళ తోడుకుంటా."

తాత చేసిన పని కన్నా ఆ మాటే పక్కీరప్పకు గట్టిగా తగిలింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. తన చెలమ చుట్టూ పరిచిన ఒక్కొక్క కంపమండా లాగి గట్టు వైపు విసిరేశాడు. రెండు చోట్ల ముళ్ళు దిగి రక్తం వచ్చింది, తుడుచుకోలేదు.

"బక్కెట ఈడికి తే సుంకులమ్మా. నువ్వు ఆడ తోడు, నేను ఈడ తోడతా. ముందు ఎనుముకు కానీ."

బక్కెట నిండి ఆమె వెళ్ళేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. రెండు చెలమల మధ్యా తిరుగుతూ అతను కడవ నింపుకునేసరికి పొద్దు వాలింది. అంతసేపూ తాత తల మీద తువ్వాలు వేసుకుని అక్కడే కూర్చున్నాడు.

తిరిగి వస్తుంటే పక్కీరప్ప మనసులో ఒక శంక మిగిలిపోయింది. సగం దూరం మోసి ఇక ఉండబట్టలేక అడిగాడు.

"తాతా, ఎనుముకు తవ్విన చెలమ నీళ్ళు గూడా కలిసినాయి గదా. గంధానికి పనికొస్తాయా?"

తాత వెనక్కి తిరగలేదు.

"ఇన్నేండ్లూ పనికొచ్చినాయి గదరా."