రాజుగారి తల మీద చీనా జింక

ఒకానొక తీరరాజ్యాన్ని చండవిక్రముడు ఏలేవాడు. ఆయనకు ముక్కు మీదే కోపం. ఎవరేం విన్నవించుకోబోయినా సగంలోనే "చాలించు!" అని తల విదిలించేవాడు.

ఒకనాడు ఓడ వర్తకుడొకడు చీనా దేశపు పాతకాలం నాటి బంగారు తలనగ తెచ్చాడు. జింక తల, దాని కొమ్ముల నిండా సన్నటి ఉంగరాలకు వేలాడే చిట్టి బంగారు ఆకులు. రాజు మోజుపడి కిరీటానికి తగిలించుకున్నాడు. ఇంకేముంది, తల విదిలించినప్పుడల్లా గలగల! సభికులు నవ్వు ఆపుకోలేక ఉత్తరీయాలు నోటికి అడ్డం పెట్టుకునేవారు.

రాజు ఆస్థాన కంసాలి కాళాచారిని పిలిపించాడు. "చీనావాడి పనిలో లోపముంది. ఆకులన్నీ వదులు. టంకం పెట్టి కదలకుండా బిగించు. కాదన్నావో, నీ కొలిమి ఆర్పించి ఊరు దాటిస్తాను."

కాళాచారి నగను అరచేతిలోకి తీసుకున్నాడు. వెంట్రుకంత తీగ మీద ఆకులు ఊగేలా చేసిన ఆ పని చూసేసరికి అతని ఒళ్లు పులకరించింది. ఎన్ని వందల ఏళ్ల నాటి చెయ్యో! ఏ దేశంలో పుడితేనేం, కంసాలి కంసాలే. సాటివాడి పనిని తన చేత్తో చంపడమా? కొలిమి పోయినా సరే, ఆ పాపం చేయదలచుకోలేదు.

"చిత్తం మహాప్రభూ! వదులైన ఆకేదో తెలియకుండా టంకం పెట్టడం మా వృత్తిలో తప్పు. రేపు కొలువులో తమరు దీన్ని ధరించి కదలక మెదలక కూర్చోండి. పక్కనే నిలబడి వింటాను. అప్పుడు కూడా మోగిన ఆకే దొంగ."

మర్నాడు రాజు కొయ్యబొమ్మలా కూర్చున్నాడు. రేవు అధికారి తమ పడవలు లాక్కున్నాడని ఒక పల్లెకారు ముసలమ్మ మొర మొదలుపెట్టింది. రాజు నోరు తెరవబోయాడు.

"ప్రభూ, ఆకులు!" అన్నాడు కాళాచారి.

రాజు నోరు మూసుకున్నాడు. ఆ కొలువులో ఒక మొర చివరిదాకా వినబడడం అదే మొదలు. ముసలమ్మ కళ్లొత్తుకుని దండం పెట్టింది. ఆమె వెనక మరో పదిమంది తమ గోడు చెప్పుకున్నారు.

కొలువు ముగిశాక రాజు అడిగాడు. "దొంగ దొరికిందా?"

"లేదు ప్రభూ. ఒక్క ఆకూ మోగలేదు. లోపం నగలోనే ఉంటే దానిపాటికది మోగాలి కదా! ఇక టంకం ఎక్కడ పెట్టమంటారో తమరే సెలవియ్యండి."

రాజు కోపంతో తల విదిలించాడు. గల్లుమంది. ఒక్క క్షణం తెల్లబోయి, పకపకా నవ్వేశాడు.

"గడుసుపిండానివిరా ఆచారీ! టంకం నా మెడకు పెట్టాలంటావు, అంతేనా?"

"ఆ మాట నేననలేదు ప్రభూ. జింక అంది."

రాజు అక్కడికక్కడే పల్లెకారుల పడవలు విడిపించాడు. తన చేతి కడియం తీసి కాళాచారికి తొడిగాడు. "మన కృష్ణజింక తలతో రాణిగారికీ ఇలాంటి నగ ఒకటి చెయ్యి" అన్నాడు.

"చేస్తాను ప్రభూ. చీనావాడు చూసినా సెబాసనేలా చేస్తాను" అన్నాడు కాళాచారి తలెత్తి. "ఆకులు మాత్రం ఊగుతాయి."