ప్రమితి చేసిన మూడు స్ఫటికాల పరీక్ష

పూర్వం త్రేతాయుగారంభంలో ధర్మతత్పరుడైన రోచమానుడు శతద్రు నదీతీరాన్ని పాలిస్తుండగా, అక్కడి మునుల యజ్ఞాలకు సంతసించిన సవితృదేవుడు వారికొక వింతను ప్రసాదించాడు. హోమాగ్ని నుండి జంట వెలుగురవ్వలు పుట్టి, ఒకటి తూర్పుకు, మరొకటి పడమరకు సాగిపోయేవి. స్ఫటికం గుండా చూస్తే ప్రతి రవ్వా ఎర్రగానో తెల్లగానో కనిపించేది. రెండింటినీ ఒకే తీరు స్ఫటికాలతో చూస్తే ఎప్పుడూ ఒకే రంగు!

“ఆ రంగు పుట్టుకతోనే ఉన్నది” అన్నాడు తపోనిధి ఔర్వాయణుడు. “చూచినప్పుడే కలుగుతున్నది” అన్నాడు వాగ్విశారదుడు కుశిధ్వజుడు. వాదం ఏళ్లకేళ్లు సాగి, శిష్యులు యజ్ఞశాలలోనే దండాలెత్తి కొట్టుకోగా, రాజు విసిగి, “ఇది తేలని ప్రశ్న. మళ్లీ అడిగినవారికి దేశబహిష్కారం” అని శాసించాడు.

అప్పుడు ఔర్వాయణుని శిష్యురాలు, సత్యవ్రత అయిన ప్రమితి సభలో నిలిచింది.

“రాజా, నేను అడుగుతున్నాను. స్ఫటికాలు మూడు తీరులు. రవ్వ రంగును ముందే మోసుకొస్తే మూడింటికీ జవాబులు సిద్ధంగా ఉండాలి; ఒకే తీరు స్ఫటికాలతో రంగు ఎప్పుడూ కలుస్తుంది కనుక జంటలో రెండింటికీ అవే జవాబులు ఉండాలి. రంగులు రెండే కనుక ఆ మూడు జవాబులలో రెండైనా ఒకటి కాక తప్పదు. అందుచేత ఇరువైపులా వేర్వేరు స్ఫటికాలతో చూచినా, మూడు మార్లకు ఒకమారైనా రంగులు కలవాలి. అంతకు తగ్గితే మా గురుదేవుల మాట నిలవదు.”

“తేల్చలేకపోతే?” అన్నాడు రాజు.

“దేశం విడిచి వెళతాను.”

ఔర్వాయణుడు మెల్లగా, “తల్లీ, నా మాట నిలుస్తుందా?” అన్నాడు.

“నిలుస్తుందనే నా నమ్మకం, గురుదేవా.”

ఒకవైపు కబురు మరోవైపుకు చేరలేనంత దూరాన రెండు కొండలపై మునులను నిలిపి, రవ్వ వచ్చే క్షణాన గవ్వలు వేసి స్ఫటికాన్ని ఎంచమని చెప్పి, ప్రమితి మూడు ఋతువులు లెక్కించింది. వేర్వేరు స్ఫటికాలతో చూచినప్పుడు నాలుగు మార్లకు ఒక్కమారే రంగులు కలిశాయి. మళ్లీ లెక్కించింది. అంతే.

సభలో ఉన్నదున్నట్టు చెప్పింది. ఔర్వాయణుడు లేచి, ఆమె తలపై చేయి ఉంచాడు.

“నేను పొరబడ్డాను. నీవు దాచలేదు. అది చాలు.”

కుశిధ్వజుడు కూడా తల వంచి, “చూడనప్పుడు ఆ రవ్వ ఏమిటో నాకూ తెలియదు, మునివరా” అన్నాడు.

అంతట సహస్రకిరణుడైన సవితృదేవుడు ప్రత్యక్షమై, ప్రమితితో “వత్సే, ఆ రహస్యం చెప్పమందువా?” అన్నాడు.

“వద్దు, స్వామీ! అడిగేవారికి పరీక్షించే ఓర్పునియ్యి.”

“తథాస్తు” అన్నాడు దేవుడు. రాజు శాసనాన్ని ఉపసంహరించి యజ్ఞశాల చెంత పరీక్షాశాలను కట్టించగా, మరునాటి నుండి ఇరు ఆశ్రమాలవారూ అక్కడ ఒకే చాపపై కూర్చుని రవ్వలకై ఎదురుచూశారు.