పెద్ద వైద్యుడి మోకాలు

పూర్వం ఒక రాజ్యంలో ఏది పిచ్చో, ఏది కాదో వైద్యసభ చేతులెత్తి తేల్చేది. ఎక్కువ చేతులు లేస్తే అది జబ్బు. ఆ జబ్బున్నవాళ్లు పిచ్చివాళ్ల కొట్టానికి వెళ్లాల్సిందే.

ఓబులమ్మ తమ్ముడు కదిరప్పకు ఉన్న ఒక్క ఎద్దూ చచ్చిపోయింది. కోతలు దాటినా అతని ఏడుపు ఆగలేదు. ఎద్దు కోసం ఇంతకాలం ఏడవడం జబ్బేనని సభ చేతులెత్తింది. భటులొచ్చి కదిరప్పను పట్టుకుని రాజుగారి కొలువుకు తీసుకెళ్లారు. పొద్దుటినుంచీ కూలికి గడ్డి కోసి నడుము పడిపోయిన ఓబులమ్మ, ఆ నడుముతోనే వాళ్ల వెంట నడిచింది. వైద్యులంతా కొలువులోనే ఉన్నారు.

"సభ తేల్చేసిందమ్మా, ఇక మాటల్లేవు," అన్నాడు పెద్ద వైద్యుడు మార్తాండశాస్త్రి, మోకాలు పట్టుకుని మూలుగుతూ పీఠం మీద కూర్చుంటూ.

"మోకాలు నొప్పా సామీ?"

"ఏళ్ల నుంచీ! నీకెందుకు?"

"నొప్పి లేదని తమ సభను ఒకసారి చేతులెత్తమనండి. తమరు లేచి గెంతితే, మావాణ్ణి నేనే కొట్టంలో దిగబెట్టి వస్తాను."

"పిచ్చిదానా, చేతులెత్తితే నొప్పి పోతుందా?"

"మరి చేతులెత్తితే మావాడికి జబ్బెలా వచ్చింది సామీ?"

రాజు వైద్యుల వైపు చూశాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. కదిరప్పను వదిలేయమన్నాడు.

ఇంటికి రాగానే కదిరప్ప ఎద్దు మేత మేసిన ఖాళీ గాడి దగ్గర కూలబడి మళ్లీ ఏడుపు మొదలుపెట్టాడు. ఓబులమ్మ సంగటిముద్ద తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఏడిస్తే ఏడువు గానీ, తిని ఏడువురా," అని, కొడవలి తీసుకుని మిగిలిన గడ్డి కోయడానికి వెళ్లిపోయింది.