పైమూల తేనె

ఒకప్పుడు తేనెపట్టులో తేనెకో చోటు, పిల్లలకో చోటు అని ఉండేది కాదు. ఒక గదిలో తేనె, పక్క గదిలో పిల్ల, మళ్ళీ తేనె, మళ్ళీ పిల్ల. పొద్దస్తమానం పూల చుట్టూ తిరిగే ఈగలకి ఇల్లు సర్దుకునే తీరికెక్కడిది? నవ్వకండి, మీ పుస్తకాల సంచీ ఎలా ఉంటుందో నాకు తెలుసు.

నల్లమల కొండల్లో ఈదమ్మ అని ఒకావిడ ఉండేది. ఆమె మొగుడు బయ్యన్న రాళ్ళ మీద తిరిగి తిరిగి మడమలు పగిలి మంచాన పడ్డాడు. అడుగేస్తే నెత్తురే. అతను అడవిలో దుంపలు తవ్వి తెస్తేనే వాళ్ళకి తిండి. ఆ పగుళ్ళకి ఒకటే మందు. మైనం కరిగించి, ఇప్పనూనెలో కలిపి, వెచ్చవెచ్చగా పూయాలి.

మైనం కావాలంటే పట్టు కొయ్యాలి. ఈదమ్మ నడుముకి తాడు కట్టుకుని కొండచరియ దిగింది. పైన తాడు పట్టుకున్నది ఆమె తమ్ముడు గంగులు. పొగబెట్టి ఈగల్ని తోలి, పట్టంతా కోసి బుట్టలో వేసుకుంది. కాస్త ఉంచుదామని తోచలేదు పాపం. మనసంతా మొగుడి కాళ్ళ మీదే ఉంది.

ఇంటికొచ్చి కుండ పొయ్యి మీద పెట్టింది. పట్టు తుంచబోతే వేలికి మెత్తగా ఏదో తగిలింది. చూస్తే గదిలో తెల్లటి పిల్ల, అన్నం మెతుకంత, మెల్లగా కదులుతోంది. దానవతల ఇంకోటి. ఇంకోటి.

అంతలో తల్లి ఈగ వచ్చి బుట్ట అంచున వాలింది. కుట్టలేదు.

"మైనం అంటే ఏమనుకున్నావు ఈదమ్మా? మా ఒంట్లో పుట్టిన పొలుసులు నమిలి నమిలి కట్టిన గోడలు. గోడలు పోతే మళ్ళీ కట్టుకుంటాం. పిల్లల్ని ఎక్కణ్ణించి తెచ్చుకునేది?"

ఈదమ్మకి సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది. "తెలియక చేశాను తల్లీ. ఆయన కాళ్ళు చూడలేక చేశాను" అంది.

పొయ్యి ఆర్పేసింది. గంగుల్ని పిలుచుకుని మళ్ళీ చరియ దిగి, పట్టుని నారతో రాతికొమ్ముకి కట్టింది. ఒక్క ముక్క కూడా దాచుకోలేదు.

"మరి మీ ఆయన కాళ్ళో?" అంది తల్లి ఈగ.

ఈదమ్మ తల దించుకుని నారముడి ఇంకాస్త బిగించింది.

ఈగలన్నీ చాలాసేపు మాట్లాడుకున్నాయి. చివరికి తల్లి ఈగ చెప్పింది. "నువ్వంటే తిరిగి తెచ్చావు. రేపు వచ్చేవాళ్ళు తేరు. మీరు కొయ్యకుండా ఉండరు, మేము కట్టకుండా ఉండం. అందుకని మేమే ఇల్లు సర్దుకుంటాం. తేనె పైమూలకి, పిల్లలు కిందికి. పైమూల వరకే కోసుకోండి. కత్తి అది దాటిందంటే మాత్రం ఊరుకోం."

పది రోజులకి ఈగలు ఇల్లు సర్దుకున్నాయి. ఈదమ్మ పైమూల ముక్క ఒక్కటే కోసుకుంది. ఆ మైనంతోనే బయ్యన్న మడమలు మానాయి.

మరుసటేడు చరియ దిగింది బయ్యన్నే. కత్తి పైమూల చివరికి వచ్చేసరికి, పైనుంచి గంగులు తాడు కదిపాడు. "చాలు బావా. అక్కణ్ణించి పిల్లలు."

అప్పటినుంచే కొండపట్టులో తేనె పైమూలన ఉంటుంది, పిల్లలు కింద ఉంటారు. నమ్మకపోతే పట్టు కోసేవాళ్ళని అడగండి, కత్తి ఎక్కడ ఆపుతారో చూపిస్తారు.